కోయని నలుపు

ఆ తల్లి మా దుకాణం మెట్టు ఎక్కలేదు. కింద ఎండలోనే నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఫోటోల దుకాణం ఇదేనా బిడ్డా?" అని అడిగింది.

ఇదేనన్నాను.

"నా కొడుకు ఆడంగ మీరు ఫోటో దీసిండ్రట. హాస్టల్ పిల్లలు జెప్పిండ్రు. గదొక్కటి ఇయ్యుండ్రి. కడసారి మొఖం గూడ సూడలే నేను. దినాల నాటికన్న పటం పెట్టుకుంట."

అరవైల చివర, యూనివర్సిటీ అంతా గొడవలతో ఉడికిపోయిన ఏడాది అది. ఆ పిల్లవాడు పోయి అప్పటికి మూడు రోజులు. క్యాంపస్ అవతల రైలు గేటు దగ్గర గుంపు ఒక్కసారిగా ఉరికితే, ఆ ఉరుకులాటలో కిందపడ్డాడు. తల రైలు పట్టాకు తగిలింది. బస్సులు బందు. ఊరికి కబురు చేరి, ఆ తల్లి కొంత దూరం ఎడ్లబండి మీద, కొంత దూరం కాలినడకన వచ్చేసరికి అంబర్‌పేట్ శ్మశానంలో అంతా అయిపోయింది. ఆమెకు చూపించడానికి బూడిదే మిగిలింది. గోల్నాకలో చుట్టాల ఇంట్లో ఉండి, దినాలు అక్కడే చేయిస్తోంది. అక్కడినుంచి తార్నాకలోని మా దుకాణం దాకా, చెప్పులు లేని కాళ్ళతో, ఆ ఒక్క ముఖం కోసం నడిచి వచ్చింది.

మా దగ్గర ఆ ముఖం లేదు. ఎందుకు లేదో ఆమెకు తెలియదు. నాకు తెలుసు. ఆ సంగతి ఇన్నేళ్ళకు రాస్తున్నాను.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా నాయన ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించాడు, పద్యాలు చదివించాడు, లెక్కలు చెప్పాడు. ఇంగ్లీషులో అంకెలు పోల్చుకోగలను, అంతే. పెళ్ళయి తార్నాక వచ్చాక మా ఆయన నాకు ఇంకో చదువు నేర్పాడు, ఫిల్ము కడగడం. దుకాణం వెనక స్నానాల గదికి నల్లగుడ్డలు కట్టి డార్క్‌రూమ్ చేసుకున్నాం. ముందు గదిలో ఆయన తీసేవాడు, వెనక గదిలో నేను కడిగేదాన్ని. ట్రేలో తెల్ల కాగితం మీద ఒక మనిషి మెల్లగా పైకి వస్తుంటే ప్రతిసారీ చేతులు జోడించేదాన్ని. ఆయన నవ్వేవాడు. నవ్వినా వద్దనేవాడు కాదు. అందుకు నేను ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మా పాత కెమెరా రెండు కళ్ళ పెట్టె. పైనుంచి వంగి చూడాలి. కూర్చున్న మనిషికి, పెళ్ళి జంటకు అది చాలు. క్యాంపస్‌లో ఆటల ఫోటోలు మాకు రావడం మొదలయ్యాక దాని శక్తి సరిపోలేదు. క్లాసులు అయ్యాకే ఆటలు. చలికాలం పొద్దు తొందరగా గుంకేది. కబడ్డీ మధ్యలో ఉండగానే చీకటి పడేది. గుంజలకు కట్టిన నాలుగు బల్బుల వెలుగులో పిల్లలు ఉరుకుతుంటే, ఆ పెట్టెలో వాళ్ళు పొగలాగా పడేవాళ్ళు. చేతులెక్కడో, తలలెక్కడో.

అప్పుడే మా వీధిలో అద్దెకు ఉన్న ఒక దొర, క్యాంపస్‌లో రెండేళ్ళు పాఠాలు చెప్పినవాడు, తన దేశం వెళ్ళిపోతున్నాడు. దొరసాని పాస్‌పోర్టు ఫోటో కోసం మా దగ్గరికి వచ్చి, తన మెడలోని కెమెరా వైపు మా ఆయన చూసిన చూపును గమనించింది. వెళ్ళే ముందు ఆ కెమెరా, కరెంటు ఫ్లాష్ మాకే అమ్మారు. లెన్సులు రెండున్నాయి. ఒకటి క్యాంపస్ ల్యాబ్ వాళ్ళకు ఇస్తామని మాటిచ్చారట. "రెండూ ఇంటికి తీసుకెళ్ళండి, రెండు రోజులు చూసుకోండి, మీకు నచ్చింది ఉంచుకోండి" అన్నారు. పరాయి మనుషుల మీద అంత నమ్మకం. వాళ్ళ ఇల్లు చల్లగా ఉండాలని దీపం పెట్టినప్పుడల్లా అనుకుంటాను. తరువాత జరిగినదానిలో వాళ్ళ తప్పు ఆవగింజంత లేదు.

చాప మీద తువ్వాలు పరిచి రెండు లెన్సులూ పెట్టాం. ఒకటి పొట్టిది, నోరు వెడల్పు. ఇంకొకటి జానెడు పొడుగు.

"గిది రెండు. గిది నాలుగు," అన్నాడు మా ఆయన, అంచు మీద అంకెలు చూపిస్తూ.

"నాలుగే పెద్దది గదా. గదే ఉంచుకోండ్రి."

"దీంట్ల లెక్క ఉల్టా ఉంటదే. అంకె పెరిగినకొద్ది వెలుతురు తగ్గుతది."

"గిదేం లెక్క? మా నాయన గిట్ల నేర్పలే."

"మీ నాయన కెమెరా జూసిండా ఏంది?"

"మీరు మా నాయన బెత్తం జూడలే. జూసుంటే అన్ని లెక్కలు సక్కగొచ్చేటియి."

సాయంత్రం దీపం పెట్టాక ఆయన పొట్టి లెన్సు తగిలించి నా చేతికిచ్చాడు. ఒక్క వత్తి వెలుగులో దేవుడి పటం మొత్తం కనిపించింది. పసుపు, గంధం, పటం అంచున పాతబడ్డ పూలదండ కూడా. పొడుగుది తగిలిస్తే మసక మసకగా, ఒక వత్తి మొన తప్ప ఏమీ అందలేదు. అప్పటికి నా మనసు పొట్టిదాని మీదే ఉంది.

తెల్లవారి గుమ్మంలో నిలబడి పొడుగుది కంటికి పెట్టుకున్నాను. రోడ్డు అవతల నల్లా దగ్గర బిందె కడుగుతున్న మనిషి ముఖం నా ముఖం ముందుకు వచ్చి నిలబడింది. ఆమె ముక్కుపుల్ల మీద నీటి చుక్క కూడా కనిపించింది. నేను అదిరిపడి కెమెరా దింపేశాను. అంత దూరాన ఉన్న మనిషి, తనకు తెలియకుండానే, నా దగ్గరికి రావడం! దేవుడు మనల్ని ఇట్లానే చూస్తాడేమో అనిపించింది.

"గిదే ఉంచుకోండ్రి," అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించాడు. "పొట్టిదైతే సీకట్ల పనికొస్తది. గని కబడ్డీల గీతకాడికి మనలను రానియ్యరు. దూరంకెల్లే దియ్యాలె. నువ్వన్నదే రైటు. సీకటి సంగతి ఫ్లాష్ జూస్కుంటది."

నా మాట మీద పొట్టి లెన్సు ల్యాబ్‌కు వెళ్ళిపోయింది. తరువాత ఏళ్ళ తరబడి కడిగి కడిగి నాకు అర్థమైంది ఒకటే. చీకట్లో ఉరికే మనిషిని పట్టాలంటే ముందు కావలసింది వెలుగును దోసిలి నిండా తీసుకునే లెన్సు. దగ్గర చేసే లెన్సు ఆ తరువాత. దగ్గరికి మనం నడిచి వెళ్ళవచ్చు, మాస్టారును బతిమాలి గీత పక్కన కూర్చోవచ్చు. వెలుగును మాత్రం బతిమాలి తెచ్చుకోలేం. ఆ రోజు ఇది తెలియదు. ముక్కుపుల్ల మీద నీటి చుక్క చూసి మురిసిపోయాను.

ఫ్లాష్ సంగతి. పాతదానికి ఒక్కో ఫోటోకు ఒక్కో బల్బు కాలిపోయేది. మా ఆయన జేబు నిండా బల్బులు, వేళ్ళ కొనలకు బొబ్బలు. కొత్తదానికి ఆ బాధ లేదు. స్విచ్చి వేస్తే సన్నగా ఈల వేసినట్టు చప్పుడు చేసేది. చిన్న ఎర్ర దీపం వెలిగితే సిద్ధమైనట్టు. ఒక్క మెరుపు మెరిసి, మళ్ళీ ఈల.

అది ఇంట్లోకి వచ్చిన నెలలోనే దసరా. పనిముట్లకు పూజ చేసే రోజు. కత్తెర, ట్రేలు, పాత కెమెరా, కొత్త కెమెరా, లెన్సు, ఫ్లాష్ అన్నిటినీ పీట మీద పెట్టి బొట్లు పెట్టాను. ఫ్లాష్ డబ్బాలో మడతలు పెట్టిన ఒక కాగితం ఉంది. నిండా ఇంగ్లీషు, మధ్యలో బొమ్మలు.

"గిదేందండి?"

"ఎట్ల వాడాల్నో రాసిచ్చిన కాయితం. హాస్టల్ పిల్లలతోటి సదివిస్త తీరుబడిగ."

ఫ్లాష్‌తో వచ్చింది కాబట్టి దాన్నీ పీట మీదే పెట్టి, పైన అక్షింతలు వేశాను. మరునాడు పనిముట్లు పనిలోకి వెళ్ళాయి. కాగితానికి పసుపు నీళ్ళు తగిలి ఉంది. దేవుడి దగ్గర ఉన్న కాగితం నలగకూడదు, కాళ్ళ కింద పడకూడదు అనుకుని, ఆరబెట్టి, పటం వెనక భద్రంగా దాచాను. ఆయన అడగలేదు. నేను గుర్తు చేయలేదు. చదవవలసినదాన్ని నేను పూజించి లోపల పెట్టాను.

ఇక ఆ పిల్లవాడు.

హాస్టల్ నుంచి నలుగురైదుగురు కలిసి వచ్చేవాళ్ళు. ఒక్క కోటు అందరికీ. ఒకడు తొడుక్కుని దిగాక ఇంకొకడికి విప్పి ఇచ్చేవాడు. ఈ పిల్లవాడు పక్కన నిలబడి వాళ్ళ కాలర్లు సర్దేవాడు, దువ్వెన అందించేవాడు, నవ్వించేవాడు. తను మాత్రం తెర ముందుకు వచ్చేవాడు కాదు.

"నువ్వు దిగవా తమ్మీ?" అని ఒకసారి అడిగాను.

"వద్దక్కా. అమ్మకు ఒట్టేసిన."

"వీని మొఖం జూస్తే బావ లెన్సు పలుగుతదని వాళ్ళమ్మ బుగులు అక్కా!" అన్నాడు కోటు తొడుక్కున్నవాడు.

"నీ మొఖానికే పలగనిది నా మొఖానికి పలుగుతదారా?"

తరువాత విడిగా చెప్పాడు. వాళ్ళ నాన్న ఒక జాతరలో, మోటారుకారు బొమ్మ వేసిన తెర ముందు నిలబడి ఫోటో దిగాడు. నెల తిరగకుండానే జ్వరంతో పోయాడు. తల్లి ఆ పటాన్ని చితి మీదే పెట్టింది. అప్పటికి ఇతనికి నాలుగేళ్ళు. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని మా ఊళ్ళోనూ అనేవాళ్ళు. ఆమె మాత్రం కళ్ళతో చూసింది. ఒక్కగానొక్క కొడుకును పట్నం చదువుకు పంపుతూ అడిగింది ఆ ఒక్కటే, ఫోటో దిగకు అని.

"మరి యూనివర్సిటోళ్ళకు నీ ఫోటో అక్కర లేదా?"

కుడిచేతి చొక్కా పైకి లాగి చూపించాడు. మణికట్టు పైన వంకరగా, వేలెడంత గాటు. "కొడవలి గాటక్కా. చిన్నప్పుడు గడ్డి కోస్తుంటే తెగింది. నా మెట్రిక్ సర్టిఫికెట్ల గుర్తు కింద గిదే రాసిండ్రు. కాయితంల నేనంటే గీ గాటే."

మా ఆయన లోపలినుంచి అన్నాడు: "ఆటల దినం నీ ఫోటో నేను దీస్త సూడు."

"నేను దిగ బావా."

"నువ్వు దిగుడేంది? నేను ఆటను దీస్త. ఆటల నువ్వుంటే గది నా తప్పా, నీ తప్పా?"

పిల్లవాడు తల గోక్కున్నాడు. "గట్లయితే ఒట్టు తప్పినట్టు కాదు గదా అక్కా?"

నేనేం చెప్పానో గుర్తు లేదు. నవ్వి ఉంటాను.

కబడ్డీ ఆఖరి ఆట రోజు నేనూ వెళ్ళాను. సంచి పట్టుకుని తాడు వెనక మా ఆయన పక్కనే నిలబడ్డాను. అనుకున్నట్టే పొద్దు గుంకింది, బల్బులు వెలిగాయి. ఫ్లాష్ ఈల వేస్తోంది. ఆయన కెమెరా వేగం డయల్‌ను ముప్పై మీద పెట్టుకుని ఉన్నాడు. ఆ డయల్ మీద అన్ని అంకెలూ తెల్లగా ఉంటే ముప్పై ఒక్కటే ఎర్రగా ఉండేది. అందానికి వేశారనుకున్నాం.

"ముప్పై అంటే మెల్లగ గదా. పిల్లలు ఉరుకుతున్నరు. చెదిరిపోతరేమో," అన్నాను. పాత కెమెరాతో పొగలాగా పడిన ఫోటోలన్నీ కడిగినదాన్ని నేనే కదా.

"అవు, నిజమే," అని ఆయన డయల్ తిప్పాడు. నూట ఇరవై అయిదు. పాత పెట్టె కెమెరాతో ఏ వేగం మీద ఫ్లాష్ వేసినా నడిచేది. దానికీ దీనికీ లోపల తేడా ఉంటుందని మా ఇద్దరికీ తోచలేదు.

ఆఖర్లో ఆ పిల్లవాడు కూతకు వెళ్ళాడు. ఇద్దర్ని తాకాడు. తిరుగుతుండగా నలుగురు మీద పడ్డారు. ఒకడు నడుము పట్టాడు, ఇద్దరు కాళ్ళు. బోర్లా పడ్డాడు. కూత ఆగలేదు. ఆ గొంతు సన్నగా, నేల లోపలినుంచి వస్తున్నట్టుగా వినిపించింది. సున్నం గీత అతనికి మూరెడు దూరం. కుడిచెయ్యి చాపాడు. ఒక్కో వేలూ ముందుకు పాకినట్టు పాకింది. గీత మీద చెయ్యి పడింది. మెరుపు మెరిసింది. జనం అరుపులతో గెంతారు.

"పడ్డడు!" అన్నాడు మా ఆయన నా చెవిలో. "ఫోటోల నిండుగ పడ్డడు సూడు!"

మరునాడు ఫిల్ము కడిగాను. తీగకు ఆరవేసి, వెలుగుకు పట్టి చూశాను. నెగెటివ్‌లో చీకటి గాజులాగా ఖాళీగా ఉంటుంది. ఒక్కో ఫోటోలో ఒక పక్క మనుషులు, ఇంకో పక్క ఖాళీ గాజు. కత్తితో కోసినట్టు నిలువుగా ఒకే గీత. మొదటిది అంతే, రెండోది అంతే. ఫ్లాష్‌తో తీసినవి పన్నెండూ అంతే. ఒక్కటైనా నిండుగా ఉంటుందేమోనని చివరిదాకా చూశాను. చివరిదానిలో సున్నం గీత ఉంది, దాని మీద చెయ్యి ఉంది, మోచేయి దాకా. అక్కడ ఆగిపోయింది. ఆ పైన ఏమీ లేదు.

మా ఆయన షట్టర్ చెడిందనుకున్నాడు. నాకు పటం వెనక కాగితం గుర్తొచ్చింది. తెచ్చి పరిచాను. ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. డయల్ బొమ్మ, ముప్పై అంకె పక్కన ఎర్ర మెరుపు గుర్తు, దానికి బాణం. ఆ పక్కనే ఇంకో బొమ్మ, సగం నల్లగా ఉన్న ఫోటో, దాని మీద అడ్డంగా కొట్టేసిన గుర్తు. పలక పట్టిన పిల్లకు కూడా అర్థమవుతుంది. ఈ కెమెరాలో లోపల గుడ్డ తెరలు. డయల్ ముప్పై మీద ఉంటేనే తెర పూర్తిగా తెరుచుకున్న క్షణాన మెరుపు పడుతుంది. వేగం పెంచితే సగం తెర మూసుకుపోయి ఉండగా మెరుస్తుంది. మూసిన సగం చీకటి. మెరుపు అంత చురుగ్గా ఉంటుంది కాబట్టి ముప్పై మీద ఉన్నా మనుషులు చెదరరని ఆ తరువాత తెలుసుకున్నాం.

అక్షింతల పసుపు ఆ బొమ్మ మీదే అంటుకుని ఉంది.

ఆటల మాస్టారు నెగెటివులు వెలుగుకు పట్టి చూసి, "ఏందయ్యా, మా పిల్లలు సగమే ఆడిండ్రా?" అన్నాడు. మా ఆయన తల వంచుకుని వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

సంతోషించింది ఆ పిల్లవాడొక్కడే. పరుగున వచ్చి అడిగాడు: "అక్కా, నేను పడ్డనా?"

"చెయ్యొక్కటే పడ్డది తమ్మీ."

"మొఖం?"

"పడలే."

"మంచిగాయె! అమ్మ ఒట్టు గట్టిది అక్కా. బావ ఫ్లాష్‌నే ఓడగొట్టింది!"

అప్పుడు నేను కూడా దేవుడికి దండం పెట్టుకున్నాను. చెడిన పనిలో ఇంత మంచి ఉంచినందుకు.

అదంతా చలికాలంలో. ఎండలు ముదిరేసరికి గొడవలు, ఊరేగింపులు, మూసిన దుకాణాలు. ఆ తరువాత రైలు గేటు.

ఇప్పుడు ఆ తల్లి మెట్టు కింద నిలబడి ముఖం అడుగుతోంది.

మా ఆయన "సూస్తం పెద్దమ్మా, వారం దినాలాగి రా" అన్నాడు. ఆమె వెళ్ళాక మూడు రోజులు, పగలంతా, రెండేళ్ళ నెగెటివులన్నీ ఒక్కొక్కటీ వెలుగుకు పట్టి చూశాను. హాస్టల్ పిల్లల గుంపు ఫోటోలు, వార్షికోత్సవాలు, ఫేర్‌వెల్ పార్టీలు. అన్నిటిలో అతను లేడు. ఒకదానిలో కోటు కాలర్ సర్దుతున్న రెండు వేళ్ళు అంచున ఉన్నాయి. ఒకదానిలో నేల మీద నీడ ఉంది. అది అతనిదే కావచ్చు.

నాలుగో రోజు మా ఆయన ఒక మాటన్నాడు. "హాస్టల్ల ఒక పిల్లగాడున్నడు. పక్కకెల్లి జూస్తే అచ్చం వాడే అంటరు అందరు. ఆ పిల్లగాని ఫోటో దీసి సాబ్‌కు ఇస్తే…"

సాబ్ ముషీరాబాద్‌లో ఉండేవాడు. ముసలాయన. నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో ముడతలు తీసేసేవాడు, పోయినవాళ్ళ పాత పటాలకు చెరిగిపోయిన కళ్ళు గీసేవాడు. మూడు జిల్లాల స్టూడియోలకు ఆయనే దిక్కు. మా ఆయన అన్నది తప్పు పని అని నాకు తెలుసు. వద్దనలేదు. పటం వెనక కాగితం దాచినదాన్ని నేనే కదా. ఏదో ఒక ముఖం ఆమె చేతిలో పెడితే నా బరువు దిగుతుందనుకున్నాను.

సాబ్ భూతద్దం కింద ఆ హాస్టల్ పిల్లవాడి ఫోటో పెట్టుకుని, "జెప్పు బేటీ, ఎట్లుండె వాడు?" అన్నాడు.

నేనే చెప్పాను. ముక్కు ఇంకొంచెం కింద. గడ్డం దగ్గర చిన్న గుంట. కనుబొమలు ఇంత ఒత్తు కాదు. నవ్వితే ఎడమ పక్క పెదవి ముందు లేస్తుంది. చెబుతుంటే అతని ముఖం నాకే జారిపోవడం మొదలైంది. ఒక్కో గీతకూ అతను కొంచెం దూరం జరిగి, పెన్సిల్ ముఖం ముందుకు వచ్చింది.

పని అయ్యాక సాబ్ భూతద్దం పక్కన పెట్టాడు. "గీసుడు నా పని, గీసిన. అల్లా మాఫ్ చేయాలె. గని తల్లి కండ్లకు రబ్బరు ఉండదు బేటీ."

పైసలు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆయన పేరు కూడా నా ప్రార్థనలో ఉంది.

చెప్పిన రోజుకు ఆమె వచ్చింది. ఈసారి మెట్టెక్కి, గోడవార నేల మీద కూర్చుంది. మా ఆయన పటం ఆమె చేతికి ఇచ్చాడు. ఆమె కొంగుతో అద్దం తుడిచింది. చాలాసేపు చూసింది. బయట ఒక రిక్షా ఆగి, బేరం కుదరక వెళ్ళిపోయింది.

"మంచిగున్నడు పిల్లగాడు," అంది. "వీని తల్లి సల్లగుండ. ఎవలు బిడ్డా, ఈయన?"

మా ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు.

నేను ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాను. అంతా చెప్పాను. లెన్సు నేనే ఎంచానని, డయల్ నేనే తిప్పించానని, చదవవలసిన కాగితం పటం వెనక పెట్టుకుని కూర్చున్నానని. ముఖం పడలేదని. చెయ్యి ఒక్కటే పడిందని. ఫ్లాష్, షట్టర్ ఆమెకు ఎంత అర్థమయ్యాయో తెలియదు. నా ముఖంలోకే చూస్తూ విన్నది.

"ఒట్టు నేను వెట్టిచ్చిన," అంది చివరికి. "పద్దెనిమిదేండ్లు నేను మూసిపెట్టిన. నువ్వు ఒక్క దినం మూసినవు. నీదేమున్నది బిడ్డా." గోడ పట్టుకుని లేచి, "ఆ చెయ్యన్న సూపియ్యి," అంది.

ఆ ఫోటో ప్రింటు ఒక్కటీ మా దగ్గర లేదు. చెడినదాన్ని ఎవరు వేసుకుంటారు? నెగెటివ్ మాత్రం ఉంది. వెలుగు తగిలిన ఫిల్మును పారేయడం నాకు చేతకాదు. ఆమెను డార్క్‌రూమ్‌లోకి తీసుకెళ్ళాను. ఇద్దరం పట్టేంత చోటే. ఎర్ర బల్బు వేసి, కాగితం మీద వెలుగు పడనిచ్చి, మందునీళ్ళ ట్రేలో జారవిడిచాను.

"ఏమున్నది బిడ్డా, తెల్ల కాయితం గదా."

"జరసేపాగు పెద్దమ్మా. వస్తది."

ముందు నలుపు వచ్చింది. ఫిల్ము ఖాళీగా ఉన్న చోట కాగితం తొందరగా నల్లబడుతుంది. సగం కాగితం బొగ్గులా అయిపోయింది. ఆ తరువాత రెండో సగంలో మట్టి వచ్చింది, సున్నం గీత వచ్చింది. గీత మీద అయిదు వేళ్ళు. వేళ్ళ సందుల్లో దుమ్ము. మణికట్టు. మణికట్టు పైన, వంకరగా, వేలెడంత గాటు. ఆ పొడుగు లెన్సు దాన్ని అంత దగ్గరికి తెచ్చింది, దాని అంచు ముడతలు లెక్కపెట్టేంత.

ఆమె మందునీళ్ళలో చెయ్యి పెట్టబోతే ఆపాను. ఆగలేదు. ఒక్క వేలితో, నీళ్ళ కిందనే, ఆ గాటు మీద రాసింది. "గడ్డి కోయంగ తెగింది," అంది నాతో కాదు, కాగితంతో. "పసుపు అద్దిన. ఏడ్వలే. నేనే ఏడ్సిన."

ప్రింటు ఆరేదాకా ఆమె కదలకుండా కూర్చుంది. మా ఆయన తిరిగి వచ్చాడు. నేను చెప్పకుండానే అర్థం చేసుకుని, అద్దం, చట్రం, కాగితాలు కోసే కత్తి తెచ్చాడు. ఇనుప స్కేలు ఫోటో మీద నిలువుగా పెట్టాడు, నలుపుకూ చేతికీ మధ్య ఉన్న గీత మీద సరిగ్గా.

"ఏం జేస్తున్నవు అయ్యా?"

"ఈ నల్లది తీసేస్త పెద్దమ్మా. అంత చెడిపోయింది గదా. చెయ్యి మటుకు మంచిగ కనవడ్తది, చిన్న చట్రంల."

ఆమె లేచి వచ్చి స్కేలు మీద అరచెయ్యి పెట్టింది.

"కొయ్యకు," అంది. "చెయ్యి ఇటున్నదంటే మనిషి అటే ఉన్నడు గదా. ఆ నల్లదాంట్లనే ఉన్నడు వాడు. కొయ్యకు."

మా ఆయన కత్తి పక్కన పెట్టాడు. పెద్ద చట్రం తెచ్చి, సగం నలుపు, సగం చెయ్యి ఉన్న ఆ కాగితాన్ని మొత్తంగా బిగించాడు. నేను దేవుడి దగ్గరినుంచి కుంకుమ తెచ్చాను. బొట్టు ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోయాను. ఆమె నా చేతిలోంచి భరిణె తీసుకుంది. చేతివైపు పోలేదు. అద్దం మీద, ఆ నలుపులో, కొంచెం పైగా, ఒక చోటు వెతుక్కుని పెట్టింది. ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలుసు.

పటాన్ని కొంగులో చుట్టుకుని గోల్నాక వైపు నడిచి వెళ్ళింది.